పేదవాని ముఖం ఎవరి సొత్తు?

పేదవానికి అన్నం పెట్టడం ఒక పని. అన్నం పెడుతూ ఫోటో తీయించుకోవడం మరొక పని. ఈ రెండింటినీ ఒకే పద్దు క్రింద వ్రాయవచ్చునా, లేక వేరువేరు పద్దులు కట్టవలెనా అన్నది నేడు ప్రతి ఊరిలోని దాతలు ఆలోచించవలసిన ప్రశ్న. చలికాలంలో దుప్పట్లు, వేసవిలో చలివేంద్రాలు, బడులు తెరిచే రోజుల్లో పలకలు, పుస్తకాలు, ఇలా వర్తక కుటుంబాలు ఇచ్చేవి కొద్దివి కావు. ఇచ్చిన ప్రతిసారీ ఒక ఫోటో కూడా పుడుతున్నది. అది పత్రికకు పోతుంది, సంచికకు ఎక్కుతుంది, వాట్సాపులో చేతులు మారి దేశాలు తిరుగుతుంది. దుప్పటి నాలుగు చలికాలాలకు చిరిగిపోతుంది. ఫోటో చిరగదు.

అటువంటి ఫోటోను ఒకసారి నిదానంగా చూడవలెను. నడుమ దాత నిలబడి ఉంటాడు. ఇరుపక్కలా ఆయన బంధుమిత్రులు. వెనుక గుడ్డమీద సంఘం పేరు. ముందు ఒక ముసలామె చేతులు చాచి ఉంటుంది. దుప్పటి ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది. దాత కెమెరా వైపు చూస్తున్నాడు, ఆమె దుప్పటి వైపు చూస్తున్నది. క్రింద అచ్చులో దాత పేరు, తండ్రి పేరు, కొట్టు పేరు, ఊరి పేరు ఉంటాయి. ముసలామె పేరు ఉండదు. "నిరుపేదలకు దుప్పట్ల పంపిణీ" అన్న మాటలో ఆమె కలిసిపోయినది. చిట్టాలో ఒకవైపు వివరంగా వ్రాసి, రెండవవైపు "వగైరా" అని వదిలివేస్తే ఏ గుమాస్తానైనా యజమాని మందలిస్తాడు. ఇక్కడ మాత్రం ఎవరూ ఎవరినీ మందలించడం లేదు.

ఇది పెద్ద పట్నాల సంగతి, చిన్న ఊళ్లకు పట్టదు అనుకోవడానికి వీలులేదు. పొట్టంగి సాలూరు నుంచి కొరాపుట్టుకు పోయే ఘాటు రోడ్డుమీద ఉన్న ఊరు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం ఏజెన్సీలోనిదే. అందుచేత ఒడియా, తెలుగు, కువి, దేశియా మాటలు నేటికీ ఒకే కొట్టు ముందు వినబడతాయి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, ఈ దాపుననే ఉన్నది. దానిని చూడవచ్చేవారు కుందులి శుక్రవారపు సంతకు కూడా వస్తారు. వచ్చినవారి మెడలో కెమెరా ఉంటుంది, లేదా చేతిలో ఫోను ఉంటుంది. అల్లం, చింతపండు అమ్ముకోవడానికి కొండ దిగివచ్చిన ఆడవారి ముక్కుపోగులకు, పచ్చబొట్లకు గురిచూస్తారు. అల్లం కొనేది తక్కువ, బొమ్మ తీసుకునేది ఎక్కువ.

ఆ కొండల మనుషులే పంట తప్పిన ఏడాది బస్సులెక్కి విశాఖపట్నానికి, హైదరాబాదుకు కూలికి పోతారు. అక్కడ వంతెనల క్రింద, కడుతున్న మేడల నీడన, రేకుల పాకల్లో కాపురం. సంతలో "ముచ్చటైన కొండజాతి స్త్రీ" అని ఫోటోకు ఎక్కిన మనిషే నగరంలో "మురికివాడ పేదరాలు" అని మరొక ఫోటోకు ఎక్కుతుంది. రెండుచోట్లా ఆమెను అడిగినవారు లేరు. కావున నగరంలోని పేదవాని బొమ్మ గురించి ఆలోచించడం పొట్టంగికి దూరపు సంగతి కాదు.

కెమెరా నగరపు పేదవైపు తిరిగి నూటయాభై ఏళ్లు దాటినవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో కూల్చివేయబోయే ఇరుకు సందులను థామస్ అనన్ అనే ఆయన 1868 మొదలు కొన్నేళ్లపాటు చిత్రించినాడు. లండను వీధులలో పొట్టపోసుకునేవారి చిత్రాలను జాన్ థామ్సన్ 1877లో పుస్తకంగా తెచ్చినాడు. అప్పటినుంచి ఏ ఖండంలోనైనా సరే, నగరం ఉన్నచోట పేదవాడు ఉన్నాడు, పేదవాడు ఉన్నచోటికి కెమెరా వచ్చినది. దీనివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. న్యాయంగా ఆ మేలును ముందు జమకట్టి, ఆ తరువాత తప్పును ఖర్చు వ్రాయవలెను.

జేకబ్ రీస్ అనే ఆయన డెన్మార్కు నుంచి 1870లో అమెరికాకు వలసపోయినవాడు. పని దొరకక, పోలీసు ఠాణాలలో నిరాశ్రయులకు ఇచ్చే గదులలో పడుకున్నవాడు. తరువాత న్యూయార్కులో పత్రికా విలేఖరి అయినాడు. చీకటి గదులలో మంటపొడి వెలిగించి ఫోటో తీసే ఉపాయం అప్పుడే కొత్తగా వచ్చినది. దానితో అతడు మేడల వెనుక కిక్కిరిసిన అద్దె గదులను, నేలమీద వరుసగా పడుకున్నవారిని చిత్రించి 1890లో పుస్తకం ప్రకటించినాడు. నగరంలో సగంమంది ఎలా బ్రతుకుతున్నారో మిగతా సగానికి తెలిసినది. అతడు చూపించిన మల్బరీ బెండ్ అనే మురికివాడను తొలగించి, ఆ స్థలంలో 1897లో పార్కు తెరిచినారు. లూయీ హైన్ అనే మరొక ఆయన 1908 నుంచి బాలకార్మికుల కమిటీ తరపున మిల్లులు, గనులు, వీధులు తిరిగి పసివారి ఫోటోలు తీసినాడు. అతడు ఫోటోతో పాటు వీలైనంతవరకు పిల్లవాని పేరు, వయస్సు, పని వివరం వ్రాసుకునేవాడు. తన కోటు గుండీలను కొలతగా పెట్టుకొని పిల్లల ఎత్తు గుర్తుంచుకునేవాడని చెబుతారు. ఆ ఉద్యమం సాగి సాగి 1938 నాటికి ఆ దేశమంతటికీ చట్టం వచ్చినది. హైన్ మంచి లెక్కరి. అతని ఖాతాలో పేదవానికి పేరున్నది.

ఇంటికి దగ్గరి ఉదాహరణ కలకత్తా. 1943లో బెంగాలు పల్లెలు ఆకలితో ఖాళీ అయి, జనం నగరపు కాలిబాటలమీదికి వచ్చి పడిపోయినారు. అది యుద్ధకాలం. పత్రికలమీద ఆంక్షలున్నవి. కరువు వచ్చినదని తేటగా వ్రాయడానికే జంకవలసిన రోజులు. స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆ ఏడు ఆగస్టు 22న కలకత్తా వీధులలో చావుబ్రతుకుల్లో ఉన్నవారి ఫోటోలను అచ్చువేసినాడు. మాటలు చేయలేనిది ఆ బొమ్మలు చేసినవి. ఢిల్లీలోనూ, లండనులోనూ ఇక కరువు లేదని బుకాయించడం కష్టమైనది. ఆ బొమ్మలు అచ్చుకాకపోతే మరెందరు పోయి ఉండేవారో ఊహించడానికే భయం. కెమెరాను పారవేయమని చెప్పేవారు ఈ ఒక్క సంగతికి సమాధానం చెప్పవలెను.

జమ ఇంతవరకు. ఇక ఖర్చు చూడవలెను.

అచౌర్య వ్రతం అంటే దొంగతనం చేయకపోవడమని సామాన్యంగా చెప్పుకుంటారు. శాస్త్రం అంతటితో ఆగలేదు. ఇవ్వనిదానిని తీసుకోవడమే అదత్తాదానమన్నది. తత్త్వార్థ సూత్రంలో ఈ వ్రతానికి కలిగే అతిచారాలను లెక్కించినచోట, వ్యాపారికి బాగా తెలిసిన తప్పులు రెండున్నవి. ఒకటి కొలతలో, తూనికలో హెచ్చుతగ్గులు చేయడం. రెండవది ప్రతిరూపక వ్యవహారం, అనగా అసలు సరుకులాగే కనబడే నకిలీని అసలని అమ్మడం. ప్రతిరూపం అన్న మాటకు బొమ్మ అన్న అర్థం కూడా ఉన్నది. సూత్రం వ్రాసిననాటికి కెమెరా లేదు. అయినా పేదవాని ఫోటోలో జరిగే తప్పులు ఈ మూడే. అడగకుండా తీసుకోవడం, తప్పుడు తూకం, నకిలీ సరుకు.

తూకం సంగతి ముందు. ఏ ఫోటోకైనా నాలుగు అంచులుంటాయి. అంచుల లోపల ఉన్నది కనబడుతుంది, బయట ఉన్నది కనబడదు. కలకత్తా కాలిబాటమీది తల్లి కనబడినది. బియ్యం బిగబట్టిన గోదాము కనబడలేదు. 1945లో కరువు విచారణ సంఘం నివేదిక ఇచ్చినది. సుమారు 15 లక్షల మంది చనిపోయినారని ఆనాడు అంచనా వేసినది. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య ఇంకా చాలా ఎక్కువన్నారు. ప్రభుత్వాల అసమర్థతను ఎత్తిచూపుతూనే, మనుషులు చస్తుండగా ధాన్యంమీద కొందరు విపరీతమైన లాభాలు తీసినారని ఆ నివేదిక నిందించినది. మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంస్థలు సహాయానికి దిగినమాట ఎంత నిజమో, కొన్ని గోదాములకు తాళాలు పడినమాట కూడా అంతే నిజం. గంజి పోసే చేయి ఫోటోకు ఎక్కినది. తాళం వేసిన చేయి ఎక్కలేదు. పేదవాడు ఎలా ఉన్నాడో ఫోటో చెబుతుంది. ఎందుకలా ఉన్నాడో చెప్పదు. చెప్పకపోవడం బొమ్మ స్వభావమే కావచ్చు, గాని ఆ బొమ్మను చూసి "అయ్యో" అని ఊరుకునేవానికి ఆ మౌనం చాలా అనుకూలంగా ఉంటుంది.

తెలుగుదేశంలో ఈ సంగతికి తగిన ఉదాహరణ రాజా దీనదయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్దనాలో జైన కుటుంబంలో పుట్టినవాడు. రూర్కీలో చదివి, ఇందూరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చి, చివరకు సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చినాడు. 1897లో విక్టోరియా రాణి కొలువుకు కూడా నియమితుడైనాడు. 1905లో కాలం చేసినాడు. భారత తపాలా శాఖ 2006లో ఆయన పేర బిళ్ళ విడుదల చేసినది. ఫలక్‌నుమా భవనాన్ని, దర్బారులను, వేటలను చూపిన ఆయన స్టూడియోయే నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో జరిగిన కరువు సహాయ పనులను కూడా చిత్రించినది. అవి ప్రభుత్వం చేసిన సత్కార్యాల ఆల్బం నిమిత్తం తీసినవి. ఆయన పనితనంలో లోటు వెదకవలసిన పని లేదు. గాని కరువువేళ తీసిన బొమ్మ రాజుగారి దయను చూపడానికి తీసినదైతే, అందులో ఆకలిగొన్నవాడు సాక్షి మాత్రమే అవుతాడు. కథానాయకుడు ఫోటోకు ఖర్చు పెట్టినవాడు. ఈ న్యాయం ఆల్బములకు ఎంత వర్తిస్తుందో, దుప్పట్ల పంపిణీ ఫోటోకూ అంతే వర్తిస్తుంది. కెమెరా ఖర్చు ఎవరిదో, బొమ్మలో మంచివాడు ఆయనే.

రెండవది నకిలీ సరుకు. లండనులో డాక్టరు బర్నార్డో అనాథ పిల్లలకు ఆశ్రమాలు నడిపినాడు. వేలమంది పిల్లలకు అన్నం, బట్ట, చదువు, పని నేర్పినవాడు. చందాల కోసం ఒక ఉపాయం చేసినాడు. పిల్లవాడు ఆశ్రమానికి వచ్చిననాటి చింపిరి బొమ్మ ఒకటి, ఆ తరువాత శుభ్రంగా పని నేర్చుకుంటున్న బొమ్మ ఒకటి పక్కపక్కన వేసి, కార్డులుగా అమ్మించినాడు. కార్డులు బాగా అమ్ముడుపోయినవి. తరువాత ఆరోపణలు వచ్చినవి. 1877లో మధ్యవర్తుల ముందు విచారణ జరిగినది. ఆశ్రమాలు మంచి పని చేస్తున్నాయనే మధ్యవర్తులు తేల్చినారు. అయితే ఫోటో కోసం పిల్లలను ఉన్నదానికన్నా దీనంగా తయారుచేసి చూపడం కళ పేరిట కట్టుకథ అని, అది కూడదని తప్పుపట్టినారు. పిల్లలు పేదవారే, ఆశ్రమం నిజమే, అన్నం నిజమే. చిరుగు మాత్రం కెమెరా కోసం చేసినది. మేలైన బియ్యంలో ఒక శేరు రాళ్లు కలిపినవాడు, బస్తాలో మిగిలినదంతా మంచి బియ్యమే గదా అని వాదిస్తే కొనేవాడు ఒప్పుకుంటాడా?

ఈ కల్తీ ఈనాటికీ పోలేదు. కడుపు నిండిన పిల్లవాడు నవ్వుతుంటే "నవ్వకురా, ఫోటో బాగా రాదు" అని చెప్పడం ఇదే జాతి పని. మురికివాడలో బడికి పోయే పిల్లలుంటారు, తులసికోట ఉంటుంది, గోడకు దేవుని పటం ఉంటుంది, వాకిట ముగ్గు ఉంటుంది, ఇద్దరు ఆడవారు ఏదో చెప్పుకొని విరగబడి నవ్వుతుంటారు. ఫోటో తీసేవాడు వీటినన్నింటినీ దాటిపోయి మురుగుకాలువ పక్కన ఏడ్చే పిల్లవాని దగ్గర ఆగుతాడు. ఆ పిల్లవాడు అబద్ధం కాదు. అయితే అతడొక్కడే ఆ వాడ అని చెప్పడం అబద్ధం. కలకత్తా అయినా, ముంబయి అయినా, ఆఫ్రికాలోని నైరోబీ అయినా, బ్రెజిల్‌లోని రియో అయినా, ప్రపంచమంతటా పేదవాని బొమ్మలు ఒకదానికొకటి అంతగా పోలి ఉండడానికి కారణం ఇదే. పేదలందరూ ఒకేలా ఉండరు. తీసేవారు వెదికేది ఒకటే.

మూడవది అడగకుండా తీసుకోవడం. ఇది అన్నిటికన్నా పెద్దది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో వచ్చిన కరువును తెలుగువారు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోయినవి. జనం మద్రాసు నగరానికీ, సహాయ శిబిరాలకూ నడిచిపోయినారు. విల్లోబీ హూపర్ అనే సైనికోద్యోగి ఆ ఎముకల గూళ్లను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీసినాడు. ఆ బొమ్మలు ఇంగ్లండు దాకా పోయినవి. ఫోటో అయినవెంటనే వారికి పిడికెడు అన్నమైనా పెట్టకుండా పంపివేసినాడన్న నింద అతనిమీద పడినది. ఆ నింద నిజమో కాదో బొమ్మలను చూసి తేల్చడం ఎవరివల్లా కాదు. బొమ్మల్లో కూర్చున్నవారు చెప్పగలిగి ఉండేవారు. వారిని అడిగి వ్రాసుకున్నవారు లేరు. అదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్ష పడినవారిని తుపాకీ పేలే క్షణంలో ఫోటో తీయబోయి, విచారణకూ అపకీర్తికీ గురి అయినాడు. ఒకసారి మనిషి ముఖాన్ని సరుకుగా చూడడం అలవాటైతే చేయి ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం.

అరవై ఏళ్ల తరువాత అమెరికాలో మరొక సంగతి. 1936లో కాలిఫోర్నియాలో పొలం కూలీల గుడారాల దగ్గర డొరొతియా లాంజ్ అనే ప్రభుత్వ ఛాయాగ్రాహకురాలు, పిల్లలు భుజాలమీద తలవాల్చగా గడ్డానికి చేయి ఆనించి ఎటో చూస్తున్న ఒక తల్లిని ఫోటో తీసినది. ఆ బొమ్మ లోకప్రసిద్ధమైనది. పత్రికలో వచ్చినవెంటనే ఆ గుడారాలకు ప్రభుత్వం ఆహారం పంపినది. అప్పటికి ఆ తల్లి పిల్లలతో వేరొక చోటికి వెళ్లిపోయినది. ఆమె పేరు ఫ్లోరెన్స్ థామ్సన్ అని లోకానికి తెలియడానికి 1978 దాకా, అనగా 42 ఏళ్లు పట్టినది. ఆ బొమ్మవల్ల తనకు పైసా దక్కలేదని ఆమె బాధపడినది. బొమ్మ తపాలా బిళ్ళలకు, పుస్తకాలకు, ప్రదర్శనశాలలకు పోయినది. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దుప్పటి తీసుకునేవారు ఫోటోకు ఎన్నడూ అడ్డుచెప్పరు గదా, కొందరు నవ్వుతూ నిలబడతారు గదా అంటారు. దీనిని వర్తకుని కన్నుతో చూడవలెను. బేరంలో రెండవవాడు "నాకు వద్దు" అని లేచిపోగలిగినప్పుడే అది బేరం. చలికి వణుకుతూ, చేయి చాచి, దుప్పటి ఇంకా పూర్తిగా చేతికి రాకముందు నిలబడిన మనిషికి వద్దనే స్వాతంత్ర్యం ఎక్కడిది? ఫోటోకు ఒప్పుకోనివారికి దుప్పటి లేదని ఎవరూ నోటితో అనరు. అయినా ఆ మాట అక్కడ గాలిలో ఉంటుంది. అప్పుడు దుప్పటి దానం కాదు, ముఖానికి చెల్లించిన వెల. వెల అయితే దానిని పుణ్యం పద్దులో వ్రాయరాదు, ప్రకటనల ఖర్చు క్రింద వ్రాయవలెను. అలా వ్రాసుకోవడంలో తప్పులేదు, అది కూడా నిజాయితీయే. ఒకే రూపాయిని రెండు పద్దులలో జమకట్టడమే తప్పు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. ఫోటో లేకపోతే చందాదారులు నమ్మరు, దూరదేశాలలో ఉన్నవారు "పంపిన డబ్బు ఏమైనది" అని అడుగుతారు, లెక్క చూపాలంటే ఫోటో కావలెను అంటారు. లెక్క అడగడం చందాదారుల హక్కు. చూపడం సంఘం ధర్మం. అయితే వర్తకులు తరతరాలుగా లెక్క చూపుతున్నది ముఖాలతోనా? సరుకు కొన్న బిల్లు ఉన్నది, బస్తాల సంఖ్య ఉన్నది, పంచిన వీధి పేరు, తేదీ ఉన్నవి, అందుకున్నవారి సంతకమో వేలిముద్రో ఉన్న రిజిస్టరు ఉన్నది. బళ్లకెత్తిన మూటల ఫోటో తీయవచ్చు. త్రవ్వించిన బావి, కట్టించిన బడి గది ఫోటో తీయవచ్చు. హుండీమీద వేలకు వేలు చేతులు మార్చిన కులాలకు, వంద దుప్పట్లకు ముసలామె కన్నీరు తప్ప మరొక రశీదు దొరకదనడం నమ్మదగిన మాట కాదు.

మరి కెమెరా వల్లనే సాయం అందిన సందర్భాలు ఇప్పుడు లేవా? ఉన్నవి. 2016 ఆగస్టులో, కొరాపుట్టు కొండలకు ఎంతో దూరంలో లేని కలహండి జిల్లాలో, ఆసుపత్రిలో చనిపోయిన భార్య శవాన్ని గుడ్డలో చుట్టి భుజాన పెట్టుకొని, ఏడుస్తున్న కూతురు వెంటరాగా ఒక కొండవాడు పది పన్నెండు కిలోమీటర్లు నడవడానికి కారణం అతనికి బండి దొరకకపోవడం. దారిలో చూసిన స్థానిక విలేఖరులు బొమ్మ తీసి ఊరుకోలేదు. అధికారులకు కబురుచేసి మిగిలిన దారికి అంబులెన్సు తెప్పించినారు. ఆ బొమ్మలు దేశమంతా చూసినది. శవాలను ఇంటికి చేర్చే ప్రభుత్వ వాహనాల పథకం ఆ నెలలోనే మొదలైనది. బహ్రెయిన్ ప్రధాని దాదాపు 9 లక్షల రూపాయలు ఆ మనిషికి పంపినాడు. ఇది మేలు. అయితే ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకోవలెను. ఫోటో తీసినవారు ముందు మనిషికి సాయపడినారు, అందుచేత వారి బొమ్మకు విలువ వచ్చినది. రెండవది, అదేవిధంగా నడిచి కెమెరా కంటపడనివారికి ఏ చెక్కూ రాలేదు. కంటబడిన దుఃఖానికి మాత్రమే కరిగే దయ చాలని దయ.

కొన్నిచోట్ల నియమాలు కూడా వచ్చినవి. బొండా మొదలైన గిరిజన తెగలను వింతమృగాలవలె ఫోటో తీయడంమీద గొడవ లేచిన తరువాత, ఒడిశా ప్రభుత్వం 2012లో ఆ పల్లెలకు విదేశీ యాత్రికుల రాకపోకలమీద, ఫోటోలమీద ఆంక్షలు పెట్టినది. రక్షణ కావలసిన పిల్లల గుర్తులు, ఫోటోలు ప్రకటించరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. ముంబయి ధారావిలో యాత్రికులను తిప్పి చూపే రియాలిటీ టూర్స్ సంస్థ, వాడలో నడిచేటప్పుడు కెమెరా తీయరాదని నియమం పెట్టుకున్నది. 2020 ఏప్రిల్‌లో, కరోనా వ్యాధివల్ల పనులు ఆగిపోయి కూలీలు ఆకలితో ఉన్నరోజుల్లో, ఆహారం పంచేటప్పుడు ఫోటోలు తీయరాదని రాజస్థాన్‌లో ప్రభుత్వం ఆదేశించినది. గుప్తదానం గొప్పదని పెద్దలు చెప్పిన ఆ నేలమీదనే ఆ మాటను ప్రభుత్వం ఉత్తర్వుగా వ్రాయవలసివచ్చినది. సంప్రదాయం మరచిపోయినదానిని పోలీసు జవాను గుర్తుచేయడం ఏ సంఘానికీ గౌరవం కాదు.

దానాలు నాలుగు విధాలని పెద్దలు చెప్పినారు. ఆహారం, ఔషధం, జ్ఞానం, అభయం. మొదటి మూడింటికి డబ్బు కావలెను. నాలుగవదానికి డబ్బు అక్కరలేదు, అందుకే కాబోలు దానిని మరచిపోవడం తేలిక. పేదవానికి ఆకలి ఒక భయమైతే, తన ఆకలి నలుగురికీ తెలుస్తుందన్నది మరొక భయం. కూతురికి సంబంధం చూస్తున్న తండ్రి, దుప్పటి అందుకుంటున్న తన బొమ్మ వియ్యంకుని ఫోనులో ఉన్నదేమోనని భయపడతాడు. హాస్టలులో చదివే పిల్లవాడు, తల్లి చేయిచాచిన ఫోటో తోటివారు చూస్తారేమోనని భయపడతాడు. పెద్ద నగరంలో ఆ ముఖం ఎవరిదో తెలియకపోవచ్చు. పొట్టంగివంటి ఊరిలో అందరికీ తెలుస్తుంది. దుప్పటి ఇచ్చి ఈ భయాన్ని కూడా ఇవ్వడం, ఒక చేత్తో ఆహారదానం చేసి మరొక చేత్తో అభయాన్ని తీసుకుపోవడమే.

కావున చేయవలసిన పనులు చిన్నవే. ఇచ్చేచోట, ఇచ్చేవేళ కెమెరా తీయరాదు. ఎవరి కథనైనా లోకానికి చెప్పవలసివస్తే, మరొకనాడు వారి ఇంటికి పోయి, వారు కాదనగలిగిన స్థితిలో అడిగి, వారి మాటను వారి భాషలో విని, ఒప్పుకుంటేనే తీయవలెను. పిల్లల ముఖాలు వద్దు. చిరుగులేనిచోట చిరుగు చేయరాదు, నవ్వు ఉన్నచోట నవ్వును ఆపరాదు. దాత పేరు వేస్తే అందుకున్నవారి పేరు కూడా వేయవలెను. వారు వద్దంటే ఇద్దరి పేర్లూ మానవచ్చు. సంచికలో పంపిణీల పుటలో ముఖాలకు మారుగా జమాఖర్చు వేస్తే చదివేవారికి అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది. ఎన్ని దుప్పట్లు, ఒక్కొక్కటి ఎంత ధర, ఏ వీధిలో, ఏ తేదీన, ఇంకా ఎంతమందికి అందలేదు. ఈ చివరి అంకె ఏ ఫోటోలోనూ కనబడదు. మరుసటి ఏడాది దానం పుట్టేది మాత్రం ఆ అంకెలోనుంచే.

వీటిలో ఏదీ గుర్తుండకపోయినా ఒక పరీక్ష చాలును. అచ్చుకు పంపేముందు ఆ పుటను తీసుకుపోయి, అందులో ఉన్న పేదమనిషి ముందు పరచి చూపవచ్చునా అని అడగవలెను. చూపడానికి సిగ్గుపడవలసిన పుటను అచ్చువేయరాదు.